బామ్మ తిరిగిన దారులు

శ్రోతలకు నమస్కారం.

తొంభై ఏళ్ల బామ్మ కాశీ, రామేశ్వరం చూసి, కూతురి పురుటికి అమెరికా కూడా వెళ్లొచ్చిందనుకోండి. ఆ జీవితాన్ని రాసిపెట్టాలని కూర్చున్నవాళ్లు ముందుగా అడిగేది ‘‘కాశీకి ఎప్పుడు వెళ్లావు బామ్మా?’’ అని. ‘‘ఏమో నాయనా, ఏళ్లైపోయింది’’ అంటుంది. మాట అక్కడే ఆగిపోతుంది.

ఏడు అడక్కండి. అప్పుడు చంకలో ఎవరున్నారు, పాడి ఎవరికి అప్పజెప్పి వెళ్లావు అని అడగండి. ‘‘మీ పెదనాన్నకు పుట్టువెంట్రుకలు తీయించిన మరుసటేడు’’ అని టక్కున చెబుతుంది. కాశీలో ఏం వదిలేశావని అడిగితే ఇంకా మంచిది. వదిలేసిన కూర పేరుతో పాటు, వెంట వచ్చిన వదినగారు ఏం వదిలిందో, ఇంటికొచ్చాక ఎన్నాళ్లు ఆగగలిగిందో కూడా బయటికొస్తుంది.

ఇక లెక్కలు. పుష్కరాలు మంచి కొండగుర్తు. గోదావరికి 1979, 1991, 2003, 2015. కృష్ణకు ఆ మరుసటేళ్లు: 1980, 1992, 2004, 2016. ఇక్కడొక చిక్కుంది. గోదావరికి ఏడాది తర్వాత అంత్య పుష్కరాలు కూడా చేస్తారు. ఆమె మునిగింది ఆదిలోనా, అంత్యంలోనా అని అడగకపోతే ఒక ఏడాది తేడా వస్తుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. రాజమండ్రి నుంచి కొవ్వూరుకు బస్సులో వంతెన దాటానంటే, కింద రైలు వెళ్తోందంటే, అది 1974 తర్వాతి మాట.

అణాలను మాత్రం గుడ్డిగా నమ్మకండి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చినా, పావలా, బేడ అన్న మాటలు ఆ తర్వాత చాలాకాలం నోళ్లలో నలిగాయి. ‘‘టిక్కెట్టు పావలా’’ అన్నంత మాత్రాన అది 1957కు ముందని రాసేయకూడదు.

పుట్టిన తేదీకి ఆధార్ కార్డు చూస్తే జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటుంది. అది చాలాసార్లు ఎవరో అంచనాగా వేసిందే. ‘‘ధాత సంవత్సరం, మాఘమాసం’’ అని ఆమె అంటే అదే గట్టి ఆధారం. ఈ వయసుకు ధాత అంటే 1936 ఉగాదితో మొదలైన ఏడు. మాఘం ఆ ఏటి చివర్లో వస్తుంది కాబట్టి ఇంగ్లీషు లెక్కలో 1937. చాలామంది 1936 అని రాసి తప్పులో కాలేస్తారు. విదేశీ ప్రయాణాలకైతే ఈ అవస్థ లేదు. మూల కత్తిరించి తిరిగిచ్చిన పాత పాస్‌పోర్టును పారేయకండి, ముద్రల్లో తేదీలన్నీ ఉంటాయి.

ఫోన్లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. పక్క గదిలో టీవీ, వంటింట్లో కుక్కరు కూడా. ఫోను మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి, బల్ల మీద పెడితే గాజుల చప్పుడు మాటను మింగేస్తుంది. ఫ్లైట్ మోడ్ మరిచిపోతే సరిగ్గా అసలు ఘట్టంలో ఎవరో ఫోన్ చేస్తారు. నలభై నిమిషాలు చాలు, ఆ పైన ఆమె అలసిపోయి పొడిపొడిగా చెబుతుంది. వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచే WAV రకం), ఒకే చానెల్ (మోనో) అయితే గంటకు సుమారు 320 ఎంబీ పడుతుంది. మూడు చోట్ల దాచండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గాడి పడుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. ఆల్బమ్‌కు అతుక్కుపోయినదాన్ని పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి.

రాతలో ఆమె బెజవాడను విజయవాడ చేయకండి, చెన్నపట్నాన్ని చెన్నై చేయకండి. కొత్త పేరు పక్కన కుండలీకరణంలో ఉంటే సరిపోతుంది. అంతా అయ్యాక ఆమె చెల్లెలికో ఆడపడుచుకో వినిపించండి. ‘‘కాదు, ఆ రైలు తప్పింది గయలో’’ అంటుంది ఆవిడ. ఇద్దరి మాటా రాసుకోండి.