వరద తగ్గాక విరాళం ఎవరిస్తారు?

నమస్కారం అండీ. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల కోసం అడక్కుండానే డబ్బులొస్తాయి. 2022 జూలైలో మా చిన్న ట్రస్టుకీ అలాగే వచ్చాయి. బియ్యం, టార్పాలిన్లు పంచాం. ఆ తర్వాత ఇచ్చినవాళ్లకి ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. ఏడాది తిరిగాక, పిల్లల సాయంత్రం ట్యూషన్‌కి టీచరు జీతం కావాలని అడిగితే చాలామంది ఫోనే ఎత్తలేదు. తప్పు వాళ్లది కాదండీ, మాది.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆవిడ పెట్టింది సొంత ఇంటి గింజ. మనం పెట్టేది పదిమంది ఇచ్చిన గింజ. అందుకే మనం లెక్క చెప్పాలి.

ఇప్పుడు ఒక పుస్తకం పెట్టాం. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎవరి ద్వారా ఇచ్చారో అన్నీ రాస్తాం. రసీదు రెండు రోజుల్లో వాట్సాప్‌లో వెళ్తుంది. మూడు నెలలకోసారి ఒక పేజీ లెక్క పంపుతాం. నోటుబుక్కులు వానకి తడిసి పాడైతే అదీ అందులో రాశాం. చదివి ఇవ్వడం మానేస్తారేమోనని టెన్షన్ పడ్డాను. ఎక్కువమంది జవాబిచ్చింది ఆ పేజీకే.

200 మంది నెలకి 300 రూపాయలిస్తే 60,000. కానీ నెలనెలా ఇవ్వడం జీతగాళ్లకి కుదురుతుంది. కొబ్బరి రైతు చేతిలో డబ్బుండేది దింపు (కాయలు దించడం) అయ్యాక, వరి రైతుకైతే దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు పడ్డాక. అందుకే వాళ్లని 'దింపుకి ఇంత' అని అడుగుతాం. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లని మాత్రం ఏమీ అడగం. ట్యూషన్‌కి తీసుకెళ్లి పిల్లల పక్కన కూర్చోబెడతాం.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి. మన కోనసీమలో చాలా ఇళ్లవాళ్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, రూపాయల్లో ఇచ్చినా, అది విదేశీ విరాళమే. దానికి ట్రస్టుకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. కాబట్టి మన ఊరి అబ్బాయే కదా అని తీసేసుకోకండి, ముందు పాస్‌పోర్టు సంగతి అడగండి.

ట్రస్టుకి 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను గుర్తింపు ఉంటే పాత పన్ను విధానంలో ఉన్న దాతకి మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది. నగదు 2,000 దాటితే రాదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మేం చేసిన పని ఒకటుంది. 2022లో ఇచ్చినవాళ్లకి వరసగా ఫోన్ చేశాం. డబ్బు అడగలేదు. ఆలస్యమైనందుకు క్షమించమని, అప్పుడు ఖర్చయిన లెక్క చదివి వినిపించాం. ఒక పెద్దాయన అంతా విని కాసేపాగి, "ఆ ట్యూషన్ ఇప్పుడు నడుస్తోందా అమ్మా?" అని అడిగారు.