‘కోర్టుకీడుస్తా’ అంటే ఎవరు ఎవర్ని ఈడుస్తారు?

సభకు నమస్కారం.

దామలచెరువు మండీలో తోతాపురి కాయల బాకీ దగ్గర మాటామాటా పెరిగితే మూడు బెదిరింపులు వినబడతాయి: ‘కేసు పెడతా’, ‘దావా వేస్తా’, ‘కోర్టుకీడుస్తా’. మూడూ ఒకటే అనుకుంటాం, కాదు.

మన వాడుకలో పెట్టేది పోలీసు స్టేషన్లో, వేసేది సివిల్ కోర్టులో. బాకీ ఎగ్గొట్టాడని స్టేషనుకు పోతే ‘సివిల్ మ్యాటరు’ అని పంపేస్తారు. మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని చూపించలేకపోతే ఉత్త బాకీ నేరం కాదు. చెక్కు బౌన్సు దారి వేరు. బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. నోటీసు అందుకున్నవాడికి 15 రోజులు గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు.

ఇక ఈడ్చడం. బాకీ దావా వేస్తే సివిల్ కోర్టు ప్రతివాదిని ఈడ్చుకు రాదు, సమన్లు పంపుతుంది. తీసుకోనని తిప్పి పంపినా అందినట్టే లెక్క. జవాబు దాఖలుకు 30 రోజులు, జడ్జి ఒప్పుకుంటే 90 వరకు. రాకపోతే అతను లేకుండానే తీర్పు, అదే ఎక్స్‌పార్టీ డిక్రీ. ‘నన్నెవడు ఈడుస్తాడో చూస్తా’ అని ఇంట్లో కూర్చున్నవాడే ఎక్కువగా ఓడేది.

‘దావా’ అరబ్బీ నుంచి వచ్చిన మాట, హక్కు అడగడమని అర్థం. అడగడానికీ గడువుంది. ప్రోనోటు తీసి చూడండి. తేదీ 10-06-2022 అనుకుందాం. అడిగినప్పుడు ఇస్తానన్న నోటైతే రాసిన రోజు నుంచే మూడేళ్లు, అంటే 10-06-2025తో సరి. ఈలోగా, 02-05-2025న, ఐదు వేలు కట్టి నోటు వెనక చెల్లు, అంటే ఇంత కట్టానన్న రాత, రాసి సంతకం చేశాడా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు.

మనవాళ్లు తప్పేది ఇక్కడే. అప్పిచ్చినవాడు తనే ‘ఐదు వేలు ముట్టినది’ అని రాసుకుని, కట్టినవాడి సంతకం తీసుకోడు. ఆ చెల్లు గడువును పెంచదు. నాలుగో ఏట ఐదు వేలు తెచ్చిచ్చి చెల్లు రాసినా చచ్చిన గడువు లేవదు. అప్పుడు కావలసింది చెల్లు కాదు, ‘ఈ పాత బాకీ ఇస్తాను’ అని కొత్తగా రాయించి, కింద అతని చేత పెట్టించుకునే సంతకం.