విమానానికి ఎర్త్ ఎక్కడ?

అందరికీ నమస్కారం. ముందు నా సంచిలోంచి ఒక వస్తువు తీసి చూపిస్తాను. జానెడు పొడవు, పెన్సిలంత లావు కూడా లేని నల్లటి పుల్ల. కొసన సూదిమొన. విమానాలు బాగుచేసే షెడ్డులో, అదే హ్యాంగర్లో, మేము దీన్ని స్టాటిక్ విక్ అనేవాళ్లం. విమానంలో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు రెక్క వెనక అంచు చూడండి, ఇలాంటివి వరసగా కనిపిస్తాయి.

చలికాలంలో స్వెటర్ విప్పితే చిటపటలాడుతుంది కదా. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి మంచు పలుకులు, వాన చినుకులు, దుమ్ము రాసుకుంటుంటే ఊరుకుంటుందా? ఒంటి మీద చార్జి చేరి లక్ష వోల్టుల దాకా ఎక్కవచ్చు. మనమైతే తలుపు గడియ పట్టుకుంటే చిన్న షాక్‌తో వదిలిపోతుంది. ఆకాశంలో గడియ లేదు, నేల లేదు.

ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు: "సార్, మేఘంలో అంత తడి ఉందిగా, అందులోకే పోదా?" మంచి ప్రశ్న. తేమగాలి తనంతట తాను కరెంటును పెద్దగా మోయదు. ఇంట్లో తేమ చేసే పని వేరే. ప్లాస్టిక్ దువ్వెన మీద కంటికి కనిపించని నీటిపొరలా పరుచుకుంటుంది, చార్జి దాని మీదుగా మన చేతిలోకి జారిపోతుంది. విమానం మీద పొర ఏర్పడినా జారి ఎక్కడికి పోతుంది? మళ్లీ విమానం మీదికే. పైగా ఆ చినుకులే కదా చార్జి ఎక్కించేది!

అందుకే ఈ మొన. నేల మట్టంలో పొడిగాలి తెగి కరెంటు దూకాలంటే సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు కావాలి. పైన గాలి పలచన, ఇంకా తక్కువ చాలు. సన్నటి మొన దగ్గర విద్యుత్ క్షేత్రమంతా ఒక్కచోట గుమిగూడుతుంది. అక్కడి గాలి అయాన్లుగా, అంటే చార్జి ఉన్న కణాలుగా విడిపోతుంది. మొనకున్న చార్జి రకం అయాన్లను మొనే తోసేస్తుంది, వెనక్కి పోయే గాలి వాటిని ఊడ్చుకుపోతుంది. రెక్క వెనక అంచునే పెట్టడం అందుకే. దీని పేరు కరోనా డిశ్చార్జి. మనం మాస్కులు కట్టుకున్న కరోనా కాదు లెండి!

విక్ లేకపోయినా చార్జి పోతుంది. కాకపోతే యాంటెనా కొస నుంచో మరో మూల నుంచో ఎగిరెగిరి పోతుంది. అప్పుడు హెడ్‌సెట్‌లో మిరపకాయ బజ్జీలు వేగుతున్న చప్పుడు. విక్‌లో నిరోధం మెగా ఓముల్లో, అంటే చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి చార్జి గొడవ చేయకుండా నెమ్మదిగా కారుతుంది.

ఆ బజ్జీల చప్పుడుతో ఒకసారి రెండు రోజులు చచ్చాం. మేఘంలోకి వెళ్తేనే రేడియో గోల. కింద ఎంత పరీక్షించినా శుభ్రంగా పలికేది. రేడియోలు విప్పాం, కేబుళ్లు మార్చాం. చివరికి చూస్తే, కొత్తగా రంగు వేసినవాళ్లు విక్ పాదం కింద కూడా పూసేశారు. రేకుకూ విక్‌కూ సంబంధమే లేదు. గోకి బిగించాం, అంతే.

ఇది పిడుగును ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపదు, దీని పని అది కాదు. ఇదిగో, వెనక బెంచీ దాకా పంపించండి. మొన జాగ్రత్త, గుచ్చుకుంటుంది.