కమ్మలు కుదవ పెట్టిన ఇల్లు

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పేరు పేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, క్షమించండి.

దేశానికి డబ్బు కటకట వస్తే రాజకీయం ఏమవుతుందన్నది ఈరోజు అంశం. శ్రీలంకతో మొదలుపెట్టాలని రాసుకొచ్చాను. కానీ గంగమ్మ జాతర నెలలో తిరుపతిలో నిలబడితే నాకు ముందు మా అమ్మ చెవి కమ్మలే గుర్తొస్తాయి.

మాది పెనుమూరు పక్క పల్లె. 1991లో నాయన మూడో బోరు వేయించాడు. అంతకుముందు వేసిన రెండూ ఎండిపోయినాయి. చేతిలో దుడ్డు లేదు. అమ్మ పెట్టెలోని కమ్మలు తీసుకుపోయి చిత్తూరులో కుదవ పెట్టాడు. అమ్మకు చెప్పలేదు. జాతరకు పోదామని పెట్టె తెరిచినప్పుడు ఆమెకు తెలిసింది. అరవలేదు, ఏడవలేదు. "అడిగుంటే నేనే తీసిస్తా కదా" అనింది. ఆ తర్వాత చాన్నాళ్లు నాయన ఏ లెక్క చెప్పినా ఇంకొకరిని అడిగిగానీ నమ్మేది కాదు. బోరులో నీళ్లు పడినాయా అంటారా, పడలేదు.

సరిగ్గా ఆ నెలల్లోనే ఢిల్లీ కూడా కుదవ పెట్టింది. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకే మిగిలింది. మే నెలలో 20 టన్నుల బంగారం తిరిగి కొనుక్కునే షరతుతో స్విస్ బ్యాంకుకు అమ్మకం, జులైలో మరో 47 టన్నులు ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల పేర తాకట్టు. ఇదంతా గుట్టుగా జరిగింది. పత్రికల్లో బయటపడ్డాక జనం మనసు విరిగింది. అప్పు చేసినందుకు కాదు, అడగనందుకు! జూన్‌లో వచ్చిన కొత్త ప్రభుత్వానికి మెజారిటీ లేదు. అయినా పార్లమెంటు ముందు పరిస్థితి ఒప్పుకుని, రూపాయి విలువ తగ్గించి, జులై 24న బడ్జెట్ పెట్టింది. ఆ ప్రధాని పి.వి. ఆ నవంబరులో మన నంద్యాల ఉపఎన్నికలో గెలిచే లోక్‌సభకు పోయాడు. అయిదేళ్లు నిలిచాడు, 1996లో ఆయన పార్టీ ఓడింది. ఆ సంస్కరణల మంచిచెడ్డలు ఇంకో రోజు మాట్లాడుకుందాం.

ఇక శ్రీలంక. 2019 చివర గెలిచిన ప్రభుత్వం అమ్మకాల మీద వేసే వ్యాట్ పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. ఖజానా ఖాళీ అవుతుంటే కోవిడ్ వచ్చి పర్యాటకం కూలింది. 2021 ఏప్రిల్‌లో రసాయనిక ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిషేధించారు. రైతును ఒక్క మాట అడిగారా? బాబూ, వెనక కూర్చున్న మీరు వినండి, మీలో సగం మంది సేద్యగాళ్ల బిడ్డలు. యూరియా బస్తా లేకుండా వరి వేయమని రాత్రికి రాత్రే చెబితే మీ నాయన ఏం చేస్తాడు? దిగుబడి పడిపోయింది, బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. నవంబరులో నిషేధం ఎత్తేశారుగానీ అప్పటికే పంట పోయింది. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి నడిచిపోయారు, 13న అధ్యక్షుడు గొటబాయ రాజపక్స దేశం విడిచి పారిపోయాడు. రెండేళ్ల తర్వాత జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో, అంతకుముందు 2020లో మూడంటే మూడు సీట్లు వచ్చిన కూటమి 225లో 159 గెలిచింది.

ఏ పార్టీ మంచిదో చెప్పడానికి నేను రాలేదు. లెక్క దాచిన ఇంట్లో మాట చెల్లదు, అదొక్కటే నా బాధ. 2025లో తోతాపురి మామిడి కాయ దింపినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరులో మా అన్న కొడుకుతో రెండు రాత్రులు పడుకున్నాను. కిలోకు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 రూపాయలన్నారు. ముందటేటి గుజ్జు అమ్ముడుపోక నిల్వ ఉండిపోయిందని కాయ దింపాకగానీ మాకు తెలియలేదు. ముందే చెప్పుంటే కొందరైనా వేరే దారి వెతుక్కునేవాళ్లం. పక్క ట్రాక్టరు ముసలాయన కాయలు రోడ్డున పారబోసి వెళ్లిపోయాడు. ఆయన ఓటు ఎవరికి వేస్తాడో నాకు తెలియదుగానీ, ఇక ఎవరి మాటా నమ్మడని తెలుసు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీ ఊరి గ్రామసభకు పోండి. పంచాయతీ అప్పెంత, ఆదాయమెంత అని అడగండి. విసుక్కుంటారు, అయినా మళ్లీ అడగండి.

కమ్మలు నాలుగేళ్లకు విడిపించాం. ఆ రోజు నాయన అమ్మను వెంట తీసుకుపోయాడు. సేటు అసలు, వడ్డీ చెబుతుంటే అమ్మ వేళ్ల మీద కూడుకుంటూ, "మళ్లొకసారి చెప్పు సామీ" అనింది. నాయన పక్కన నిలబడి వింటున్నాడు.