ఫీజు ఇచ్చేవారికే చేదు ఫలితం చెప్పడం ఎలా?

అందరికీ నమస్కారం. యూనివర్సిటీల వాళ్లు, ప్రభుత్వ శాఖల వాళ్లు ఒకే హాల్లో కూర్చోవడం అరుదు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను: ప్రభుత్వ పథకం పనిచేసిందో లేదో శాఖ కోసం పరిశోధకులు తేల్చేటప్పుడు, నిజాన్ని నిజంగా చెప్పగలగడం ఎలా?

గుజరాత్‌లో ఒకప్పుడు ఫ్యాక్టరీలే తమ కాలుష్యాన్ని కొలిచే ఆడిటర్లను ఎంచుకునేవి. ఫీజు కూడా అవే ఇచ్చేవి. రిపోర్టులు ఎలా ఉండేవో మీకు చెప్పక్కర్లేదు. చాలా వాటిలో కాలుష్యం అనుమతించిన హద్దుకు కాస్త కిందే ఆగిపోయేది! 2009లో కాలుష్య నియంత్రణ మండలితో కలిసి పరిశోధకులు ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ తీసి కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. ఆడిటర్ కొలిచినదాన్ని కొన్నిచోట్ల ఇంకొకరితో మళ్లీ కొలిపించారు. దాంతో ఆడిటర్లు ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టారు, ఫ్యాక్టరీలు కాలుష్యం తగ్గించాయి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. డేటా శాఖది, చాలాసార్లు డబ్బూ శాఖదే. ఆ శాఖ పథకానికే పరిశోధకులుగా మనం మార్కులు వేస్తాం. ఆ పాత ఆడిటర్‌కీ మనకూ తేడా ఏమిటి? ఎంఓయూలో, అంటే శాఖతో చేసుకునే ఒప్పంద పత్రంలో, రాసుకున్నదాన్ని బట్టే ఉంటుంది. ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు, ఏ ప్రశ్నకు ఏ కొలమానం అన్నది ముందే ఖాయం చేసుకోవడం, ఈ రెండూ లేకపోతే మనం రాసేది ప్రచార పుస్తకమే.

రెండోది, పరిశోధకుల్ని ఎప్పుడు పిలుస్తారన్నది. పథకం ఊరూరా చేరాక పిలిస్తే పోల్చి చూడటానికి పథకం లేని ఊరేదీ మిగలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో, వేలిముద్ర చూసి ఇవ్వాలనుకున్నప్పుడు ముందే పిలిచారు. ఎలాగూ అన్ని మండలాల్లో ఒకేసారి పెట్టలేరు. అందుకని 157 మండలాల్లో ముందు ఎక్కడ, తర్వాత ఎక్కడ అన్నది లాటరీతో తేల్చారు. రెండేళ్లు గడిచినా కార్డులు వచ్చిన మండలాల్లో సుమారు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. అయినా కూలీ డబ్బు త్వరగా చేతికొచ్చింది, దారిలో కారిపోయేది తగ్గింది.

నాకు ఇందులో బాగా నచ్చింది వేరే. ఒక దశలో ప్రభుత్వం ఆ కార్డులను ఎత్తేసే ఆలోచన చేసింది. పైదాకా చేరేవి ఫిర్యాదులే కదా. పాత పద్ధతిలో నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారి గొంతు పెద్దది, మేలు పొందిన కూలీ ఎవరికీ ఫోన్ చేయడు. సర్వేలో అడిగితే లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతే నయమన్నారు. కార్డులు నిలవడానికి ఆ సర్వే కూడా తోడ్పడింది.

తప్పు పరిశోధకులైన మావైపూ ఉంది. అధికారికి వచ్చే నెల బడ్జెట్ మీటింగ్‌కి రెండు పేజీలు కావాలి. మేమేమో మూడేళ్లకు ఒక పేపర్ ఇస్తాం, అప్పటికి ఆ అధికారి బదిలీ అయిపోయి ఉంటారు. పేపర్ ఎప్పుడొచ్చినా, మధ్యలో అందిన లెక్కల్ని అందినట్టు శాఖకు చెప్పేందుకు ఒక మనిషిని అక్కడే కూర్చోబెట్టాలి. అది జర్నల్‌లో లెక్కకు రాని పని. అందుకే ఎవరూ చేయరు.

మీ చేతిలో ఉన్న ఎంఓయూ డ్రాఫ్టులో ప్రచురణ గురించిన పేరా ఎక్కడుందో ఒకసారి వెతకండి. దొరకనివాళ్లు చెయ్యెత్తండి, ప్రశ్నలు వాళ్లతోనే మొదలుపెడదాం.