ఏటివాలు, ఏటి ఎదురు
(జాతీయ గణిత దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు కనుక నేను మళ్లీ చదవను. ఈ రోజు డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు. ఆయన గురించి నాకు ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం ‘పోటీ పరీక్షల్లో పడవలు, ప్రవాహాల లెక్కలకు కిటుకులు’. ఇరవై నిమిషాలు ఇచ్చారు. కిటుకుకు అర నిమిషం చాలు. ఏటివాలున పోయే వేగాన్నీ, ఎదురు పోయే వేగాన్నీ కూడి సగం చేస్తే నిశ్చల నీటిలో పడవ వేగం. తీసివేసి సగం చేస్తే ప్రవాహ వేగం. అయిపోయింది. మిగతా సమయం నాది.

మా అన్నయ్య మనవరాలు బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఈ సూత్రం ఎర్ర సిరాతో, చుట్టూ గడి కట్టి ఉంది. కింద ‘ఆలోచించవద్దు, ప్రతిక్షేపించు’ అని రాయించారు. నాకు ఒళ్లు మండింది. ‘ఎందుకు కూడాలమ్మా?’ అని అడిగాను. ‘సార్ చెప్పారు తాతయ్యా’ అంది. సరే, పడవ వేగం గంటకు 8 కిలోమీటర్లు, ప్రవాహం 4. పన్నెండు కిలోమీటర్లు ఏటివాలున వెళ్లి, అదే దారిలో తిరిగి వస్తే సగటు వేగం ఎంత? తల ఎత్తకుండానే ‘ఎనిమిది’ అంది. పన్నెండూ నాలుగూ కూడి సగం చేసింది మరి!

వెనక వరుసల్లో కూడా ఎనిమిదే అంటున్నారు, వినిపిస్తోంది. పోయేటప్పుడు గంటకు 12, అంటే ఒక గంట. వచ్చేటప్పుడు గంటకు 4, అంటే మూడు గంటలు. ఇరవై నాలుగు కిలోమీటర్లకు నాలుగు గంటలు. సగటు ఆరు! ఏరు పోయేటప్పుడు ఇచ్చినదాన్ని వచ్చేటప్పుడు అంతే తీసుకుంటుందని అనుకుంటాం. కానీ అది మనకు సాయం చేసింది ఒక్క గంట, అడ్డుపడింది మూడు గంటలు. ప్రవాహం ఉన్న నీటిలో వెళ్లి రావడానికి నిశ్చల నీటిలో కంటే ఎప్పుడూ ఎక్కువసేపే పడుతుంది. 1887లో మైకెల్సన్, మోర్లీ కాంతిని పట్టుకుని చేసిన ప్రయోగానికి ఆధారం ఇదే లెక్క. కాంతిని మోసే ఈథర్ అనే పదార్థం అంతటా నిండి ఉందని అప్పట్లో అనుకునేవారు. అదే నిజమైతే, అందులోంచి పోయే భూమికి అది ఏరులా ఎదురు ప్రవహించాలి. ఆ ప్రవాహం వెంట వెళ్లి వచ్చిన కాంతికీ అడ్డంగా వెళ్లి వచ్చిన కాంతికీ తేడా రావాలి. రాలేదు. పడవ లెక్కను చిన్నచూపు చూడకండి.

మా నాన్నగారు గోదావరి మీద లాంచీ నడిపారు. సూత్రం ఆయనకు తెలియదు. రాజమండ్రి నుంచి ఎగువకు పోయేటప్పుడు లాంచీని ఒడ్డు వారగా నడిపేవారు. దిగువకు వచ్చేటప్పుడు నడి ఏట్లోకి దించేవారు. ఒడ్డున నేల రాపిడికి నీరు నెమ్మదిస్తుంది, నడుమ ఉరుకుతుంది. అనుమానం వస్తే ఎండిన కొబ్బరి డొక్క ఒకటి నీళ్లలోకి విసిరి, అది పోయే తీరు చూసి చుక్కాని తిప్పేవారు. మన పుస్తకంలోని ఏటికి మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకటే వేగం. లెక్క కోసం అలా అనుకోవచ్చు, తప్పులేదు. అనుకుంటున్నామని పిల్లలకు చెప్పాలా వద్దా?

మాస్టర్లూ, మీతోనే మాట్లాడుతున్నాను. కూడడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ డొక్క చెబుతుంది. డొక్క నీటితోపాటే పోతుంది. దాని మీద కూర్చున్న చీమకు నీరు నిలిచినట్టే ఉంటుంది, ఒడ్డున తాటిచెట్లు వెనక్కి పోతుంటాయి. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు చెప్పిందీ ఇదే: పడవలో ముందుకు పోయేవాడికి కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు అలాగే కనిపిస్తాయని. ఆ చీమ చూసే పడవ వేగానికి డొక్క వేగం కలిపితే ఒడ్డున ఉన్నవాడు చూసే వేగం. ఎదురు వస్తే తీసివేత.

పదో తరగతి లెక్క ఒకటి ఉంది. ఎదురు 30, వాలున 44 కిలోమీటర్లకు పది గంటలు. ఎదురు 40, వాలున 55కు పదమూడు గంటలు. ఎదురు వేగం 5, వాలు వేగం 11 అని తేలాక పడవ 8, ప్రవాహం 3. అక్కడ ఆ కిటుకు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. అర్థమైనవాడి చేతిలో అది పనిముట్టు.

గంట కొడుతున్నారు. ఒక్క లెక్క ఇచ్చి దిగిపోతాను. పడవ ఎదురు పోతుండగా అందులోంచి కొబ్బరికాయ ఒకటి నీళ్లలో పడింది. పడవవాడు అరగంట తరువాత చూసుకుని, వెంటనే వెనుదిరిగాడు. కాయ పడినచోటికి మూడు కిలోమీటర్ల దిగువన దొరికింది. ప్రవాహ వేగం ఎంత? పడవ వేగం ఇవ్వలేదని ఎవరూ లేవకండి, అవసరం లేదు. కాయ మీద కూర్చుని చూడండి. జవాబు భోజనాల దగ్గర చెప్పండి. కాగితం మీద సూత్రం కనబడితే మాత్రం నేను వినను.