కప్పు మీద కొండ, కాగితం మీద కొండ

నమస్తే అండీ. ఇవాళ సినిమా రివ్యూ కాదు, ఫోన్ రివ్యూ కాదు. రెండొందల ఏళ్ల కిందటి పింగాణీ పెయింటర్ ఒకాయన కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మలు. పేరు జకరయా బోర్‌మన్. ఆ బొమ్మలు ఉన్నది ఇంగ్లండ్‌లో, డర్బీ మ్యూజియంలో. అక్కడికి వెళ్లేవాళ్లంతా ఊరి పెద్ద పెయింటర్ జోసెఫ్ రైట్ బొమ్మలు చూసి బయటికొచ్చేస్తారు. కాసేపు ఆగండి.

బోర్‌మన్ 1738లో పుట్టాడు. లండన్‌లోని చెల్సీ పింగాణీ ఫ్యాక్టరీలో పనిచేసి, 1783లో డర్బీ ఫ్యాక్టరీకి వచ్చాడు. 1794లో మళ్లీ లండన్ వెళ్లిపోయాడు. 1810లో పోయాడు. జీవితం గురించి ఇంత చాలు, బొమ్మల్లోకి వెళ్దాం.

ముందు ఈయన బొమ్మ వేసిన కప్పు చూడండి. డర్బీ కాఫీ కప్పు ఎత్తు ఆరేడు సెంటీమీటర్లు, అంతే. బొమ్మ చుట్టూ బంగారు గీత, ఆ గీత మధ్యలో డర్బీ ఊరున్న జిల్లా డర్బీషైర్‌లోని లోయ ఒకటి. ఏ చోటో అడుగున రాసి ఉంటుంది. అంటే కాఫీ మొత్తం తాగేసి కప్పు బోర్లిస్తే గానీ ఊరి పేరు తెలియదన్నమాట!

ఇప్పుడు కాగితం. ఇక్కడ నీడలు చూడండి. కొండ మడత, చెట్టు కింది చీకటి, అన్నీ ముందు బూడిద రంగులోనే వేసేస్తాడు. అది ఆరాక పైన పల్చగా పచ్చ, గోధుమ రంగులు. అప్పటి ఇంగ్లీషు నీటిరంగుల వాళ్ల పద్ధతే ఇది. ఈయన దాన్ని తీసుకెళ్లి కప్పు మీద పెట్టాడు. నాకు నచ్చింది ఆ ధైర్యమే. ఎందుకంటే పింగాణీ రంగంటే లోహపు ఆక్సైడ్ పొడి, గాజు పొడి కలిపి నూనెలో నూరింది. బట్టీలో కాలి బయటికొచ్చాక గానీ అసలు రంగు కనపడదు. కాగితం మీదైతే తప్పు అప్పుడే తెలుస్తుంది. బట్టీ దగ్గర టెన్షనే.

కంప్లైంట్ ఒకటుంది. పక్కన చెట్టు, మధ్యలో నీళ్లు, వెనక కొండ. ఆ కాలం ఫార్ములా. వరసగా నాలుగు చూస్తే ఐదోది ఊహించేయొచ్చు.

వెళ్లాలనుకుంటే టికెట్ లేదు, ఫ్రీ. కానీ నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి మ్యూజియంలు మామూలుగా వాటిని ఏడాదంతా గోడకి పెట్టవు. ముందే మెయిల్ పెట్టి కనుక్కోండి. కప్పుల దగ్గర మాత్రం కొంచెం వంగి, అడుగున రాసిన ఊరి పేరు కనపడుతుందేమో చూడండి. కనపడితే కామెంట్‌లో రాయండి.